పద్దెనిమిది నిండిన నెల

2024 మే నెలలో మా మేనల్లుడికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఆ నెల మా అప్ప, అంటే మా అక్క, పాస్‌బుక్కులో విడిపోయిన బావ పిల్లాడి కోసం వేసే భరణం డబ్బు పడలేదు. అంతకుముందు పన్నెండేళ్ళు, ఆలస్యమైనా, రెండు నెలలది ఒకేసారి వేసినా, పడుతూనే ఉంది. జూన్‌లో ఒకరోజు అప్ప బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్కులో ప్రింటు వేయించుకుని నేరుగా నా షాపుకొచ్చింది. పుస్తకం కౌంటరు మీద తెరిచి పెట్టి, చివరి లైను మీద వేలు ఆనించి, "ఇదే ఆఖరుదేటిరా తమ్ముడూ?" అంది.

ఏప్రిల్ 8, రెండు వేలు. అదే ఆఖరుది.

నాది పర్లాకిమిడిలో కోర్టు దగ్గర చిన్న జిరాక్స్, టైపింగ్ షాపు. వకీళ్ళు రాసిచ్చిన పిటీషన్లు టైపు చేస్తాను. ఆర్డరు కాపీ చేతిలో పట్టుకుని, అందులో ఏముందో తెలీక నిలబడ్డవాళ్ళకి తెలుగులో చదివి చెబుతాను. మా ఊళ్ళో చాలామందికి ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, కోర్టు కాగితం మీద ఇంగ్లీషు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పటినుంచీ మాకిది అలవాటే. మావాళ్ళు భరణం అంటారు, ఒడియావాళ్ళు భరణపోషణ అంటారు, పాత వకీళ్ళు మనోవర్తి అంటారు, పిల్లలు మెయింటెనెన్స్ అంటారు. నేను వకీలుని కాను. ఇరవై ఏళ్ళుగా ఈ కాగితాలు నా చేతుల మీదుగా వెళ్తున్నాయి, అంతే. కానీ ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. అది ముందే చెప్పేయాలి.

2012లో అప్పకీ బావకీ లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినప్పుడు ఆ రాజీ కాగితం టైపు చేసింది నేనే. "నాకేమీ వద్దు, పిల్లలకిస్తే చాలు" అంది అప్ప. పిల్లలిద్దరికీ చెరి రెండు వేలు, వాళ్ళు మేజర్లయ్యేవరకు. ఆ "మేజర్లయ్యేవరకు" అన్న ముక్క వకీలు గారు చెబుతుంటే నేను చెయ్యి ఆపకుండా కొట్టేశాను. అప్పటికి పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఆరు. వాడు నా షాపులో స్టూలు మీద కూర్చుని పాడైపోయిన జిరాక్స్ కాగితాలతో పడవలు చేస్తున్నాడు. పద్దెనిమిది అనేది ఎక్కడో మహేంద్రగిరి అవతల ఉందనిపించింది.

లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఆ చోట "చదువు పూర్తయ్యేవరకు" అని ఇద్దరూ ఒప్పుకుని రాసుకుని ఉంటే, ఆ మాటకీ అంతే బలం ఉండేది. రెండు మాటలు మార్చి కొడితే సరిపోయేది. ఆరోజు బావ కూడా కాదనేవాడు కాదు, గొడవ ఎలాగో తేలిందన్న ఊపిరిలో ఉన్నాడు. అడిగినవాళ్ళు లేరు.

మా ఒడిశాలో మెట్రిక్ అయ్యేసరికి పిల్లలకి పదిహేనో పదహారో ఉంటాయి. ప్లస్ టూ అయ్యేసరికి పదిహేడో పద్దెనిమిదో. ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, చేతికొచ్చేసరికి ఇరవయ్యో ఇరవై ఒకటో. ఇంజినీరింగ్ అయితే ఇంకో ఏడాది. అంటే పద్దెనిమిది నిండే రోజు సరిగ్గా ప్లస్ టూ రిజల్టుకీ కాలేజీ అడ్మిషనుకీ మధ్య వచ్చి పడుతుంది. బడి ఫీజు, యూనిఫాం, టిఫిన్ డబ్బా ఉన్నంతకాలం రెండు వేలు వచ్చాయి. అడ్మిషన్ ఫీజు, హాస్టలు, ల్యాప్‌టాప్ అనే మాటలు ఇంట్లో మొదలైన నెలలో ఆగిపోయాయి. పిల్లాడి మీద ఖర్చు ఎప్పుడు అన్నిటికంటే ఎక్కువవుతుందో అప్పుడే తండ్రి పూచీ తీరిపోయిందనడం ఏ ఇంటి లెక్క? కలిసి ఉన్న ఏ తండ్రైనా కొడుకు పుట్టినరోజు మర్నాడు, "ఇవాళ్టినుంచి నీ అన్నం నువ్వే చూసుకో" అంటాడా? అన్నవాణ్ణి ఊరంతా ఏమంటుంది?

పద్దెనిమిది అనే గీత 1875 నాటి మెజారిటీ యాక్టుది. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి, ఆస్తి వ్యవహారం నడపడానికి ఎవరు పెద్దవాళ్ళో తేల్చడానికి పనికొచ్చే గీత అది. సంతకానికి పెట్టిన వయసుని అన్నానికీ చదువుకీ కూడా పెట్టేశారని నా బాధ.

చట్టంలో ఏముందో చెబుతాను. ఇన్నాళ్ళూ భరణం కేసులు ఎక్కువగా సీఆర్‌పీసీ, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 125వ సెక్షన్ కింద నడిచాయి. 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అందులో ఇది 144వ సెక్షన్. మా చిన్నోడి డబ్బు ఆగిన రెండు నెలలకే సెక్షన్ నంబరే మారిపోయింది. పిల్లల విషయంలో లోపలి మాట మాత్రం మారలేదు. మైనరు పిల్లలకి ఇవ్వాలి. మేజరైతే, శారీరకంగానో మానసికంగానో లోపం వల్లనో, దెబ్బ తగలడం వల్లనో తనని తాను పోషించుకోలేనివాళ్ళకి ఇవ్వాలి, పెళ్ళైన కూతురు కాకపోతే. ఈ రెండోది చాలామంది తల్లులకి తెలీదు. రెండేళ్ళ క్రితం ఒకావిడ వచ్చింది, కొడుక్కి పుట్టుకతో బుద్ధిమాంద్యం. పద్దెనిమిది నిండాయని తండ్రి ఆపేస్తే, చట్టమే అంత కాబోలనుకుని ఏడాదిన్నర ఊరుకుంది. వికలాంగ సర్టిఫికెట్ జిరాక్స్ తీయించుకోడానికి వచ్చి మాటల్లో చెప్పింది. ఆవిణ్ణి ఆ పూటే వకీలు దగ్గరికి పంపాను. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 నాటి చట్టం ఇచ్చింది. అది కూడా ఆవిడకి తెలీదు.

ఇంకో సెక్షన్ ఉంది. పాతది 127, ఇప్పుడు 146. పరిస్థితులు మారాయని చూపిస్తే భరణం మొత్తాన్ని మార్చమని అడగొచ్చు. పెంచమనీ అడగొచ్చు, తగ్గించమనీ అడగొచ్చు. రాజీలో రాసుకున్న మొత్తాన్ని కూడా, పరిస్థితి బాగా మారితే, హిందూ దత్తత, మనోవర్తి చట్టం 25వ సెక్షన్ కింద మార్చొచ్చు. నాకు ఇది తెలుసు. టైపు చేసిన పిటీషన్లు ఉన్నాయి. అయినా పన్నెండేళ్ళలో అప్ప చేత ఒక్కసారి కూడా వేయించలేదు. 2012లో రెండు వేలంటే చిన్నోడి బడి ఖర్చు వెళ్ళి ఇంట్లోకి కొంత మిగిలేది. 2023కి ఆ రెండు వేలు వాడి ఫిజిక్స్ ట్యూషన్‌కే చాలలేదు. "మళ్ళీ కోర్టంటే ఆయనకి కోపమొస్తుంది, వచ్చేదీ పోతుంది" అనేది అప్ప. నేనూ సరే అనేవాణ్ణి. భయంతో ఊరుకోవడాన్ని మంచితనం అనుకున్నాం ఇద్దరం.

అందుకే నేను చెప్పేది ఒక్కటి. విడిపోయిన తల్లిదండ్రులు పిల్లలకి పదహారేళ్ళు రాగానే ఆ కాగితం మళ్ళీ తీయాలి. పద్దెనిమిదో పుట్టినరోజు వరకు ఆగితే తలుపు మూసుకుపోతుంది. పదహారులో అడిగితే పిల్లాడింకా మైనరు, తల్లే అడగగలదు, కోచింగ్ ఖర్చు, ప్లస్ టూ ఖర్చు చూపించి పెంచమనొచ్చు. ఇది నా సొంత కోరిక కాదు. 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు భరణం కేసులన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పుల అఫిడవిట్ దాఖలు చెయ్యాలంది. పిల్లల ఖర్చంటే తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువుతోపాటు, సబబైన మేరకు అదనపు కోచింగ్‌నీ వృత్తి శిక్షణనీ కూడా లెక్కలోకి తీసుకోవాలంది. భార్య బాగా సంపాదిస్తుంటే చదువు ఖర్చు ఇద్దరూ దామాషాలో పంచుకోవచ్చనీ అంది. ఇంతకంటే న్యాయమైన మాట ఏముంటుంది?

ఇప్పుడు ఆడపిల్ల, మగపిల్లాడు అన్న తేడా దగ్గరికొద్దాం. నాకు అన్నిటికంటే కష్టం కలిగించింది ఇదే.

పెద్దమ్మాయికి 2021లో పద్దెనిమిది నిండాయి. ఆమె రెండు వేలు ఆగిపోయాయి. అంతకు ఏడాది ముందే, 2020 సెప్టెంబరులో, అభిలాష వర్సెస్ ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పెళ్ళికాని మేజరు కూతురు ఆరోగ్యంగా ఉంటే 125 కింద అడగలేదు గానీ, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ కింద, సొంత సంపాదనతోనో ఆస్తితోనో బతకలేని పక్షంలో, తండ్రిని అడగొచ్చు అని. నాకీ సంగతి 2023లో ఇంకెవరి పిటీషనో టైపు చేస్తుంటే తెలిసింది. అప్పటికి మా అమ్మాయి బరంపురంలో జీఎన్ఎం నర్సింగ్ రెండో ఏడు. ఫీజుకి అప్ప చెవి దిద్దులు అమ్మింది, మిగతాది నేను సర్దాను. మేనమామని, సర్దడం నా ధర్మమే, దాని గురించి నాకు పేచీ లేదు. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను, "అమ్మా, నీకు హక్కుంది, పిటీషన్ వేద్దాం" అని. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "నాన్న మీద నేను కేసు వెయ్యను మావయ్యా. అమ్మ వేస్తే వేరు. నేను వేస్తే నాన్న ఇంక నా మొహం చూడడు" అంది.

మళ్ళీ నేనా మాట ఎత్తలేదు.

పద్దెనిమిది నిండాక హక్కు పిల్లదే అవుతుంది, నిజమే. కానీ దానర్థం ఆ పిల్ల కన్నతండ్రిని ప్రతివాదిగా నిలబెట్టాలి. నర్సింగ్ హాస్టల్లో నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే కోర్టు వాయిదాకి రావాలి. వచ్చి, తనకి అన్నం ఎందుకు పెట్టాలో తండ్రి వకీలుకి జవాబు చెప్పాలి. పన్నెండేళ్ళు తల్లి మోసిన గొడవని బిడ్డ నెత్తిన పెట్టడమే ఇది. దీన్ని తప్పించిన న్యాయమూర్తులు లేకపోలేదు. 2002లో జగదీశ్ జుగ్తావత్ కేసులో కూతురికి మేజరయ్యాక కూడా పెళ్ళయ్యేవరకు భరణం కొనసాగించిన హైకోర్టు ఆర్డరుని సుప్రీంకోర్టు కదిలించలేదు. అమ్మాయి మళ్ళీ ఇంకో చట్టం కింద వేరే కేసు వేసుకునే అవస్థ తప్పించడానికే అలా చేశారు. 

ఇక మగపిల్లాడికి ఆ 1956 చట్టంలోనూ చోటు లేదు. మైనరు వయసు దాటితే అయిపోయింది. 2021లో ఢిల్లీ హైకోర్టు, కొడుక్కి పద్దెనిమిది నిండినంత మాత్రాన వాడి చదువు బరువంతా తల్లి మీద వదిలేయడం కుదరదంటూ, కొడుకు డిగ్రీ అయ్యేవరకో సంపాదన మొదలయ్యేవరకో తల్లికి నెలకి 15,000 ఇవ్వాలని మధ్యంతర ఆర్డరు ఇచ్చింది. చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ అది ఒక హైకోర్టు, ఒక ఇంటి పరిస్థితి చూసి ఇచ్చిన ఆర్డరు. చట్టంలో రాసిలేనంతవరకు పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉన్న తల్లికి అది ఆశే తప్ప హామీ కాదు.

మగపిల్లాడు పద్దెనిమిదికి ఏదో ఒక పని చేసుకుని బతకగలడని చట్టం ఊహ. అదే ప్రభుత్వం 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం తెచ్చి, ఇరవై ఒకటి నిండని మగవాణ్ణి "పిల్లవాడు" అంది. పెళ్ళికి ఇరవై ఒకటి దాకా పిల్లవాడు, పుస్తకాల డబ్బుకి పద్దెనిమిదికే పెద్దవాడు! ఒకే కుర్రాణ్ణి ఒకే దేశం రెండు రకాలుగా చూడ్డం ఎందుకు? అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో చైల్డ్ సపోర్ట్ ఇరవై ఒకటి దాకా ఉంటుంది. మన దగ్గర ఇరవై ఒకటి అనే అంకె ఇప్పటికే చట్టంలో ఉంది. దాన్ని చదువుకుంటున్న పిల్లలకి, కొడుకైనా కూతురైనా, భరణానికీ వర్తింపజేయమని నేను అడుగుతున్నాను.

మా జిల్లాకి ప్రత్యేకమైన ఇంకో సంగతి ఉంది. 1956 చట్టం హిందువులకి. ముస్లిం ఆడపిల్లలకి పెళ్ళయ్యేవరకు తండ్రి బాధ్యత ఉందని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్రైస్తవులకి ఈ చట్టం వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకీ వర్తించదు. గజపతి జిల్లాలో సగానికి పైగా జనం గిరిజనులే, సవరలు ఎక్కువ, వాళ్ళలో క్రైస్తవులూ చాలామంది. అంటే అభిలాష కేసు తీర్పు మా పెద్దమ్మాయికి చూపించిన దారి కూడా కొండమీది ఊళ్ళ ఆడపిల్లలకి లేదు. అందరికీ ఉన్నది 144 ఒక్కటే. మార్చాలంటే అదే మార్చాలి.

తండ్రుల మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. నా షాపుకి మగవాళ్ళూ వస్తారు. ఒక ఆటో డ్రైవరుకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. తగ్గించమని అడగొచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నెలనెలా బాకీ పెరుగుతుంటే వారెంటు వస్తుందన్న భయంతో ఊరొదిలి కాశీబుగ్గలో చెల్లెలింట్లో దాక్కున్నాడు. దాక్కున్నా తప్పేది కాదనుకోండి. ఆర్డరు ఒడిశాదైనా మనిషి ఆంధ్రలో ఉంటే అక్కడి మేజిస్ట్రేటూ అమలు చెయ్యొచ్చు. ఆయనకి కావలసింది దాక్కునే చోటు కాదు, ఒక 146 పిటీషన్, ఒక డాక్టరు సర్టిఫికెట్.

పిల్లాడు చదవకుండా కాలేజీ పేరు చెప్పి తిరుగుతుంటే ఎంతకాలం ఇవ్వాలని అడిగే తండ్రులున్నారు. ఆ ప్రశ్న తప్పనను. చదువు ఉన్నంతవరకే ఇవ్వాలి, ఏటా మార్కుల లిస్టు తండ్రికి పంపాలి, ఉద్యోగం వస్తే ఆపాలి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక కేసులో భార్యకి నెలకి 50,000 భరణం నిర్ణయించి, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచాలని తీర్పులోనే రాసింది. ఇరవై ఆరేళ్ళ కొడుక్కి మాత్రం తప్పనిసరిగా ఇవ్వాలని ఆదేశించలేదు. రెండూ నాకు సబబుగానే తోచాయి. రెండేళ్ళకి 5 శాతం అన్న ఒక్క లైను 2012 కాగితంలో ఉంటే అప్ప పెంచమని ఎవర్నీ అడుక్కోనక్కర్లేకపోయేది.

మళ్ళీ మా ఇంటికొస్తాను. చిన్నోడికి ప్లస్ టూ సైన్సులో 71 శాతం వచ్చింది. ఆంధ్రలో చేరితే అక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒడిశా పిల్లలకి రాదు, అందుకని ఇటువైపే ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ చూశాం. మొదటి ఏడాది ఫీజు 85,000, హాస్టలు వేరే. ఎడ్యుకేషన్ లోన్‌కి అప్లై చేశాం. కేసుకి దారిలేదని తెలిసి, నేను బావకి ఫోన్ చేశాను. ఆదివారం పాతపట్నంలో కలుద్దామన్నాడు. పేరుకి రెండు రాష్ట్రాలు గానీ మాకది పక్క వీధి లెక్క.

బస్టాండు దగ్గర టీ కొట్టులో కూర్చున్నాం. బావ టెక్కలి వైపు గ్రానైట్ లారీ నడుపుతాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు. జుట్టు బాగా నెరిసింది. నేను ఏమీ అడగకముందే, "నానేటి ఎగ్గొట్టానా? కాయితంలో ఏటి రాసుందో అదే ఇచ్చాను. పద్దెనిమిదేళ్ళన్నారు, ఇచ్చాను. ఒక్క నెల ఆపలేదు" అన్నాడు.

"ఆపలేదు బావా. ఆ కాయితం టైపు చేసింది నేనే. తప్పు నాది కూడా" అన్నాను.

ఆ మాట ఊహించలేదనుకుంటా. టీ గ్లాసు కింద పెట్టాడు. చొక్కా జేబులోంచి చిన్నోడి మార్కుల లిస్టు జిరాక్స్ తీసి ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. ఒక్కో సబ్జెక్టు మీద బొటనవేలు పెట్టి కిందికి జరుపుతూ చదివాడు, లారీ ట్రిప్ షీటు చదివినట్టు. "లెక్కల్లో మంచిగానే వచ్చాయి" అన్నాడు. పన్నెండేళ్ళలో వాడి మార్కులు ఆయన చూడడం అదే మొదటిసారి. మేమెప్పుడూ పంపలేదు, ఆయనెప్పుడూ అడగలేదు. డబ్బు మాత్రం బ్యాంకు నుంచి బ్యాంకుకి వెళ్ళేది.

అరవై చదరపు గజాల పోర్షనుకి అద్దె, చిన్నపిల్లల స్కూలు ఫీజు, లారీ ఓనరు జీతం కోత, అన్నీ చెప్పాడు. అబద్ధం చెబుతున్నాడని నాకనిపించలేదు. "అప్పకి వద్దు బావా. వాడికే పంపు. వాడి అకౌంటుకే. ఎంతైనా" అన్నాను. సరేననలేదు, కాదనలేదు. లేచేటప్పుడు ఆ జిరాక్స్ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

ఆగస్టు రెండో వారంలో చిన్నోడి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మూడు వేలు పడ్డాయని. హాస్టల్ నుంచి నాకు ఫోన్ చేసి, "మావయ్యా, నాన్న వేశాడు. ఇప్పుడు నేను ఫోన్ చెయ్యాలా?" అనడిగాడు. చెయ్యమన్నాను. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. మూడు వేలతో ఇంజినీరింగ్ అయిపోదు, లోన్ ఉంది, నేనున్నాను. ఆపైన రెండు నెలలు వచ్చి, ఒక నెల రాలేదు, మళ్ళీ వచ్చింది. ఏ కాగితమూ లేదు కాబట్టి రాని నెల అడిగేవాళ్ళూ లేరు. అయినా ఒక్కటి గమనించాను. తల్లి పాస్‌బుక్కులో పడినన్నాళ్ళూ అది "కేసు డబ్బు". వాడి అకౌంటులో పడ్డాక "నాన్న పంపిన డబ్బు" అంటున్నాడు. పిల్లలకి పదహారు, పదిహేడు వచ్చాక డబ్బు చేరే చోటు కూడా మారాలని, కనీసం ఒక భాగం వాళ్ళ చేతికే వెళ్ళాలని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే.

మొన్న గురువారం ఒక రాజీ కాగితం టైపుకొచ్చింది. భార్యాభర్తలిద్దరూ బయట వేర్వేరు బెంచీల మీద ఉన్నారు, పాపకి ఏడేళ్ళుంటాయి. వకీలు గారు చేతిరాతతో ఇచ్చిన డ్రాఫ్టులో మూడో పేరాలో అదే మాట, మేజరయ్యేవరకు. నేను చెయ్యి ఆపి ఆయన్ని పిలిచాను. "సార్, చదువు సంగతి వీళ్ళని ఒకసారి అడుగుతారా? రెండేళ్ళకోసారి పెంచడం కూడా?" అన్నాను. ఆయన కాస్త చిరాకు పడ్డారు గానీ బయటికెళ్ళి అడిగారు. భర్త తలుపు దగ్గరికొచ్చి, "ఎన్నేళ్ళ దాకా అండీ?" అన్నాడు నాతో. డిగ్రీ అయ్యేదాకా అంటే ఇరవై ఒకటి అనుకోండి అన్నాను. వెనక్కి తిరిగి భార్య బెంచీ వైపు చూశాడు. ఆవిడ లేచి వచ్చింది. ఇద్దరూ గోడవార నిలబడి మాట్లాడుకుంటున్నారు, పాప మధ్యలో. నేను ఆ లైను ఖాళీగా వదిలేసి కింద పేరా కొట్టడం మొదలుపెట్టాను.